క్యాంపింగా, కాపురమా?

నవంబరు చివరి ఆదివారం. కరీంనగర్ మంకమ్మతోటలో ఒక ఇంటి ముందర గచ్చు మీద సామాన్లు పరిచి ఉన్నాయి: మడత విప్పని టెంటు, నిద్రసంచి, చిన్న గ్యాస్ పొయ్యి, తలకు కట్టుకునే టార్చి, తాళ్లు, డబ్బాలు. మేనకోడలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. డిసెంబరులో ముగ్గురు దోస్తులతో ఆదిలాబాద్ అడవుల దిక్కు పోయి రెండు రాత్రులు టెంటులో ఉండి రావాలని ఆమె పట్టుదల. ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా ఆరుబయట పడుకున్నది లేదు. మేనమామ ఉట్నూరు ఏజెన్సీలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. చాయ్ గ్లాసు పట్టుకొని సామాన్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మెట్టు మీద కూలబడ్డాడు.

మామ: మొత్తం ఎన్నున్నయ్ బిడ్డా?

కోడలు: 31. ఫోన్ల లిస్టు రాసుకున్న. ఇంక మడత కుర్చీలు రావాలె.

మామ: కుర్చీలు గూడనా! గిది క్యాంపింగా, కాపురమా?

కోడలు: నవ్వు మామా, నవ్వు. నడిరాత్రి అడవిల ఏదన్న తక్కువైతే ఉరికి కొనుక్కచ్చెటందుకు దుకాణం ఉంటదా? ఏది అవసరం పడ్తదో ముందే సోంచాయించుకునుడే కదా తయారీ అంటే.

మామ: సోంచాయించినవ్, కాదంట లేను. కాని అంత సామాను గురించే. ఏడికి పోతున్నరంటే "అటు దిక్కు" అన్నవ్. టెంటు ఏ రంగుదో ఎరుకే గని ఏ నేల మీద ఏస్తవో ఎరుక లేదు. మా చిన్నప్పుడు మేడారం జాతరకు పోయేటోళ్లది దీనికి ఉల్టా. సామాను ఒక్క మూటెడు, తోవ మాత్రం కండ్లు మూసుకొని చెప్పెటోళ్లు. మా నాయిన కచ్చురం కట్టేటోడు, ఎన్క ఇంకో రెండు బండ్లు. ఏ ఊళ్లె ఎడ్లను ఇడువాలె, ఏ చెరువు కాడ నీళ్లు తాపాలె, ఏ చెట్టు కింద బువ్వ వండుకోవాలె, అంత ముందే లెక్క. జంపన్న వాగు ఒడ్డుకు పోయినంక నాలుగు వెదురు గడెలు పాతి మీద దుప్పటి కప్పితే అదే డేరా. గది క్యాంపింగ్ కాదా? పేరు తెల్వకపాయె గని మనోళ్లు తరతరాలుగ చేసిన పనే.

కోడలు: నేను ఒప్పుకోను. రెండేండ్లకోసారి లక్షల మంది ఒక్క జాగకు వస్తే ఏ జంతువు దగ్గరికి వస్తది? గా గుంపే మీకు కంచె. జాతర అయిపోయినంక గా వాగు ఒడ్డున ఏముంటదో నువ్వు చూసినవా? ప్లాస్టిక్, కోళ్ల ఈకలు, ఎంగిలి విస్తర్లు. ఇంకోటి అడుగుత చెప్పు. నువ్వు కచ్చురంల కూసోని పోయినవ్. అమ్మమ్మ బైటికి ఏడికి పోయింది? చీకటి పడేదాక కడుపు పట్టుకొని కూసుండేది కదా. గా ముచ్చట నీ కథల ఎన్నడు రాదు.

మామ కాసేపు మాట్లాడలేదు. చాయ్ ఒక గుక్క తాగాడు.

మామ: నిజమే బిడ్డా. మా అమ్మను నేను ఎన్నడు అడగలే.

కోడలు: అందుకే నా లిస్టుల మొట్టమొదట రాసింది గీ చేతి పార. వాగుకు, కుంటకు 200 అడుగుల దూరం పోయి, జానెడు లోతు గుంత తీసి, పని అయినంక మట్టి కప్పాలె. కాగితాలు, ప్యాడ్లు సంచిల మూట గట్టి వాపస్ తేవాలె. నలుగురు ఆడివిల్లలం పోతున్నం. మాకు టెంటు కంటే ముందు కావలసింది గిదే.

మామ: పార మంజూరు. ఇగ జాగ చెప్పు.

కోడలు: కడెం ప్రాజెక్టు ఎన్క, అడవి నడుమ, నీళ్ల ఒడ్డుకు. లేకుంటే కుంటాల జలపాతం పక్కన బండల మీద. ఫొటోలు చూసి మనసు పడ్డం.

మామ: ఫొటోల పులి పడలేదా? జన్నారం, కడెం, ఉట్నూరు నడుమ అడవి కవ్వాల్ పులుల అభయారణ్యం. 2012ల ప్రకటించిన్రు. లోపలి కోర్ ఒక్కటే 893 చదరపు కిలోమీటర్ల దాక ఉంటది, చుట్టు బఫరు దానికంటే ఎక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేంది లోపల అడుగు పెట్టరాదు. ఇగ టెంటేసి పండుడు దూరపు మాట.

కోడలు: పులి పేరు చెప్పి బెదిరియ్యకు. గూడేలల్ల మనుషులు దినాం పండుతలేరా? మనిషి వాసన తగిలితే పులే తప్పుకుంటది.

మామ: చానాసార్లు తప్పుకుంటది. తప్పుకోని రోజులు గూడ ఉన్నయ్. ఆసిఫాబాద్ జిల్లాల 2020 నవంబరుల ఇద్దరిని చంపింది. 2024 నవంబరుల కాగజ్‌నగర్ దిక్కు పత్తి చేన్ల ఒక ఆడిమనిషిని చంపింది. మహారాష్ట్ర తడోబా నుంచి, తిప్పేశ్వర్ నుంచి పులులు నదులు దాటి ఇటు వస్తుంటయ్. నువ్వు పోతనన్నది సుత గదే పత్తి ఏరే కాలం. గూడెపోళ్లు పండుతరంటే, ఏ ఒర్రె కాడికి పొద్దుగూకినంక పోవద్దో వాళ్లకు ఎరుక. నీకెట్ల ఎరుకైతది?

కోడలు: గట్లయితే బైటోళ్లు అడవి మొఖమే చూడొద్దా? గోండుల గురించి రాసిన హైమండార్ఫ్ ఎక్కడి మనిషి? ఆస్ట్రియా నుంచి వచ్చి, కొమురం భీం చనిపోయిన కొత్తల, మార్లవాయిల గుడిసె ఏసుకొని ఉండలేదా?

మామ: మంచి పేరే తెచ్చినవ్. మరి గాయిన తయారీ చూడు. గోండి నేర్చుకున్నడు. ఎవ్వరి ఇంట్ల ఏ దేవుడున్నడో అడిగి రాసుకున్నడు. మొగుడు పెండ్లాలు ఇద్దరు గా ఊరి మనుషులైన్రు. ఆమె 1987ల పోతే సమాధి మార్లవాయిలనే కట్టిన్రు. నువ్వు రెండు రాత్రులకు గోండి నేర్వనక్కర లేదు. గూడెం పటేలు కాడికి పోయి రాంరాం చెప్పి, "ఫలానా జాగల రాత్రి ఉందామనుకుంటున్నం, ఉండొచ్చా" అని అడుగు. మనకు అది అడవే గని వాళ్లకు వాకిలి. ఎవ్వరన్న మన వాకిట్ల అడగకుంట టెంటేస్తె ఊకుంటమా?

కోడలు: అడుగుతం. వద్దంటే?

మామ: వద్దంటే వాపస్ మర్లాలె. నీ 31 సామాన్లల్ల గిది లేదు. వద్దన్నప్పుడు పోవుటానికి రెండో జాగ రాసుకున్నవా? జన్నారంల టూరిజమోళ్ల హరిత రిసార్టు ఉన్నది. అడవి చూసుడు పొద్దంత, పండుడు అండ్ల.

కోడలు: రిసార్టుల మంచం మీద పండితే క్యాంపింగ్ ఎట్లయితది మామా? పోనీ కుంటాలకు ఏం తక్కువ? అది పులి జాగ కాదు కదా.

మామ: కుంటాల 147 అడుగుల మీద నుంచి దుంకుతది. కింద ఎన్ని గుండాలున్నయో, ఎంత లోతో పైకి కనవడదు. పాకురు బండలు. పండుగ పూట ఈతకు దిగి వాపస్ రాని పిల్లల వార్తలు ఎన్ని చదివినం? పొద్దుగాల మెట్లు దిగి చూడు, సోమేశ్వరునికి దండం పెట్టు, ఎండ ఉండంగనే ఎక్కి రా. చీకట్ల నీళ్లకని గా బండల మీద నడిస్తె నీ తలకాయ టార్చి నిన్ను నిలబెట్టదు.

కోడలు: ఒడ్డు ఇసుక మీదన్న ఏస్త. మెత్తగ ఉంటది, సాపుగ ఉంటది.

మామ: సాపుగ ఎందుకున్నది? నీళ్లు పారి పారి సాపు చేసినయ్ గనుక. 2022 జూలైల కడెం కట్ట కాడ ఏమైంది? ప్రాజెక్టుకు 18 గేట్లు. అన్ని కలిపి వదిలితే 3 లక్షల క్యూసెక్కుల దాక పోతది. గా రాత్రి 5 లక్షలు దాటి వచ్చింది. కట్ట ఆగుతదా తెగుతదా అని కింది ఊర్లు ఖాళీ చేసి కూసున్నరు. డిసెంబరుల వరద రాదంటవ్, నిజమే. కాని ఇసుక మీద ఏసుడు అలవాటైతె వచ్చే ఆగస్టుల గూడ ఇసుక మీదనే ఏస్తవ్. గోదారి ఒడ్డున శివ్వారం దిక్కు పోతే మొసళ్లున్నయ్, వాటికోసమే ఒక అభయారణ్యం ఉన్నది. మొదటిసారే అలవాటు మంచిగ పడాలె. ఒడ్డుకు ఎడంగ, ఎత్తు మీద, ఎండిన కొమ్మలు లేని చెట్టు చూసుకోవాలె.

కోడలు: సరే, ఎత్తు మీద. చేన్ల పక్కకు.

మామ: చేన్ల పక్కకు ఇంక భయం. అడవి పందులు పంటల పడ్తున్నయని కొందరు దొంగతనంగ కరెంటు తీగలు గుంజుతరు. గా తీగలకు పులులు చచ్చినయ్, మనుషులు చచ్చిన్రు. రాత్రి తెల్వని చేన్ల కాలు పెట్టొద్దు. గిది ఏ టెంటు డబ్బా మీద రాసి ఉండదు. ఊరోళ్లను అడిగితెనే తెలుస్తది.

కోడలు ఫోను తీసి రాసుకుంది. మామ నిద్రసంచి చేతిలోకి తీసుకొని తూకం చూసినట్టు ఎగరేశాడు.

మామ: గిదేంది, దూది పింజె లెక్కున్నది. దీంట్ల చలి ఆగుతదా?

కోడలు: చూడు, దీని మీదనే రాసి ఉన్నది. 15 డిగ్రీలు.

మామ: సిర్పూర్, గిన్నెదరి దిక్కు డిసెంబరు రాత్రులు 5, 6 డిగ్రీలకు పడ్డయని పేపర్ల చూస్తలేవా? గిండ్ల పండితే తెల్లారంగ నిన్ను చితుకుల మంట కాడ కాపాలె. నా గొంగడి తీస్కపో. కురుమోళ్లు మందల ఎంబడి ఊర్లు తిరుగుతరు, చలికి వానకు గదే. కొప్పెర ఏసుకుంటె నడిచే ఇల్లు. రైతు చేన్ల మంద పెట్టి రాత్రంత గొర్ల నడుమ పండుతరు. వాళ్లకంటే పెద్ద క్యాంపింగోళ్లు ఎవ్వరున్నరు?

కోడలు: గొంగడి మంచిదే. కాని చలి పై నుంచి వస్తదని నువ్వనుకుంటున్నవ్. ఒంటి వేడిని గుంజేది నేల. నిద్రసంచిల పండితే కింద దూది మన బరువుకు అణిగిపోతది, అండ్ల గాలి మిగలదు. అందుకే నురుగు చాప కొన్న. గొంగడి కప్పుకొని ఉత్త నేల మీద పండినా సగం రాత్రికి నడుము కొయ్యబారుతది.

మామ: మేము కింద వరిగడ్డి పరిచెటోళ్లం.

కోడలు: అదే, నీ వరిగడ్డి నా నురుగు చాప ఒక్కటే! రెండిట్ల గాలి ఆగుతది. గొంగడి నా దాని మీద కప్పుకుంట. చాపకు మంజూరియ్యి.

మామ: ఇచ్చిన. కాని టెంటు ఎందుకు? ఆదిలాబాద్ ఆకాశం కింద చుక్కలు చూసుకుంట పండకుంట, బట్ట సంచిల దూరి జిప్పేసుకునుడేంది?

కోడలు: కట్లపాము కోసం. అది తిరిగేది రాత్రి. నేల మీద పండినోళ్ల పక్కల దూరి కరుస్తది. నొప్పి ఉండదు, పండ్ల గాట్లు సుత సరిగ కనవడవు. మనిషి చీమ కుట్టిందనుకొని మల్ల పండుతడు. తెల్లారంగ కడుపునొప్పి, కండ్లు మూతలు పడుడు, ఊపిరి ఆడకుండ అయ్యుడు. జిప్పు పూర్తిగ మూసిన టెంటు, లేకుంటే పరుపు కిందికి నాలుగు దిక్కుల దోపిన దోమతెర, గీ రెండే నేల మీద మనల్ని కాపాడేటియి. నీ చుక్కలు జాలీలకెల్లి చూస్త.

మామ: మాకు ఎరుక లేదనుకుంటున్నవా? జొన్న చేన్ల కావలికి మంచె ఎందుకు ఏసిన్రు? బావికాడ నులకమంచం ఎందుకున్నది? నేల మీద పండే పెద్దమనిషి ఎవ్వడు? తప్పని కాలం వచ్చినప్పుడే నేల.

కోడలు: ఇప్పుడు నువ్వు చెప్పింది నా పాయింటే.

మామ: అదే, ఒప్పుకుంటున్న. మంచె మోసుకపోలేవు గనుక టెంటు మంజూరు. కాని కరిస్తె ఏం చేస్తవ్? మా కాలంల గట్టిగ తాడు కట్టి, బ్లేడుతోని కోసి, మంత్రగాని కాడికి ఎత్తుకపోయెటోళ్లు. బడి పిల్లగాన్ని ఒకన్ని గట్ల పోగొట్టుకున్నం.

కోడలు: కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితోని పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండ పెట్టి దవఖానకు తీస్కపోవాలె. మందు పాము విషానికి విరుగుడు సూది ఒక్కటే. 108కి ఫోన్ చెయ్యాలె.

మామ: సిగ్నల్ లేకుంటే? గా దిక్కు సగం గుట్టలల్ల ఫోను మోగదు.

కోడలు తల గోక్కుంది.

మామ: అందుకే ముందే చూసుకోవాలె. దగ్గరి ప్రభుత్వ దవఖాన ఎన్ని కిలోమీటర్లు, గా సూది మందు ఉన్నదా లేదా పోయే తోవల్నే దిగి అడగాలె. బండి మొఖం రోడ్డు దిక్కు పెట్టి నిలపాలె. ఇంటికాడ ఒక్కరికి జాగ పేరు, వాపస్ వచ్చే యాళ్ల చెప్పి పోవాలె. సిగ్నల్ ఏ మలుపు దాక ఉంటదో చూసుకుంట పోవాలె. గియ్యన్ని బరువు లేని సామాన్లు, సంచిల జాగ పట్టయ్.

కోడలు: గివి 32, 33, 34, 35.

మామ: సంఖ్య పెరిగిందని బాధపడకు, ఇప్పుడు తీసేద్దాం. గీ నూడిల్స్ డబ్బాలు, గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, మసాల డబ్బా ఎందుకు? మూడు రాళ్లు పెట్టి నాలుగు పుల్లలు ఏరుకుంటె బువ్వ ఉడుకుతది.

కోడలు: టేకాకు రాలే కాలంల అడవిల పొయ్యి పెడ్తవా? ఒక్క మిడుగురు చాలు. అభయారణ్యాన్ని ప్రమాదంల పడేసేటట్టు నిప్పు రాజేసినా, ఆర్పకుండ ఇడిచిపోయినా నేరం, 30వ సెక్షన్. బడిల పిల్లలకు చట్టాలు చెప్పినోనివి నువ్వు!

మామ: అడవి బైట పెడ్త.

కోడలు: బైటనైనా ఎండు పుల్ల ఊరోళ్ల వంటచెరుకు. మనం సోకుకు కాలబెట్టొద్దు.

మామ: ఆహా, గిప్పుడు వాకిలి ముచ్చట నాకే చెప్తున్నవ్. మంచిది. అయితే నిప్పే వద్దు, నీది వద్దు నాది వద్దు. బతుకమ్మకు సత్తుపిండి చేస్తం కదా? పల్లీలు, నువ్వులు, పేలాలు, బెల్లం. నాలుగు దినాలున్నా చెడదు. సకినాలు, అటుకులు, జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. పొయ్యి లేదు, గిన్నె లేదు, అంట్లు తోముడు లేదు. మొదటి రాత్రి చీకట్ల టెంటు ఏసుడే ఒక కష్టం, వంట గూడ ఎందుకు నెత్తికెత్తుకునుడు?

కోడలు: చాయ్ లేకుంట పొద్దు ఎట్ల తెల్లారుతది? గ్యాస్ పొయ్యి ఉండనియ్యి. చాయ్‌కే. నీళ్లు మసల కాగబెట్టెటందుకు గూడ పనికొస్తది.

మామ: చాయ్ అంటే నేనేం అనలేను. మంజూరు. ఇప్పుడు ఒక్క ముచ్చట ఇను. కేస్లాపూర్ నాగోబా జాతర చూసినవా? పుష్య అమావాస్యకు మెస్రం వంశపోళ్లు గోదారి జలం కోసం చెప్పులు లేకుంట నడిచి, జన్నారం దిక్కు హస్తినమడుగు దాక పోతరు. వాపస్ వచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తరు. సిరికొండ కుమ్మరులు కుండలు చేసిస్తరు. మెస్రమోళ్లు దిగే గోవాడ్‌ల 22 పొయ్యిలు, అంతే. ఎన్ని వందల ఇండ్లు వచ్చినా గవే 22 పొయ్యిల మీద వంట. వంశంల ఏ కితకు (శాఖకు) ఏ పొయ్యి, ఎవ్వరు ఏ పని చెయ్యాలె, ఇంటికాడి నుంచి కదిలెటప్పుడే అందరికి ఎరుక.

కోడలు: మామా, కోపం తెచ్చుకోకు. గది వాళ్ల పూజ. ముత్తాతల నుంచి వచ్చిన మొక్కు. దాన్ని మా రెండు రాత్రుల సరదాకు పోలిక పెడ్తె బాగుండదు. బైటోళ్లం పోయి వాళ్ల ఆచారం చూసి "అబ్బ, ఎంత బాగ క్యాంపింగ్ చేస్తున్నరు" అన్నట్టుంటది.

మామ: (నెమ్మదిగా) ఇన్నేండ్లు ఆడ ఉన్నోన్ని, నాకే తట్టలే. మొక్కు జోలికి మనం పోవద్దు. నేను చెప్పాలనుకున్నది చిన్నది. మీరు నలుగురు దోస్తులు పోతున్నరు. టెంటు ఎవ్వరు ఏస్తరు? నీళ్లు ఎవ్వరు తెస్తరు? ఒకరికి జరమొస్తె వాపస్ మర్లుదామని చెప్పే మాట ఎవ్వరిది? గిది తేల్చుకున్నరా?

కోడలు: లేదు. ఆడికి పోయినంక చూద్దామనుకున్నం.

మామ: ఆడికి పోయినంక అందరు అలిసిపోయి ఉంటరు, చీకటైతది, కొట్లాట మొదలైతది. ఉన్న దోస్తానా పోతది.

కోడలు: మరి ఏం చెయ్యమంటవ్? పోవుడు బంద్ చెయ్యాల్నా?

మామ: బంద్ ఎందుకు? మానకొండూరు దిక్కు మన బావికాడ వరి కోసిన మడి ఉన్నది. వచ్చే శనివారం దోస్తులను తీస్కరా. 31 సామాన్లు మొత్తం పట్టుకరా, ఒక్కటి ఇడువకు. పొద్దుగూకినంక, చీకట్లనే టెంటు ఏయండి. నిద్ర పట్టదు, కుక్కలు మొరుగుతయ్, తెల్లారంగ బట్ట లోపల మంచు చెమట పడ్తది. ఏం ఫికరు లేదు, ఇల్లు అర్ధగంట దూరమే. పొద్దున సామాన్లు ముందటేసుకోండి. రాత్రంత చెయ్యి తగలనిది అడవికి రాదు.

కోడలు: దవాయిల డబ్బా, తాడు తప్ప. అవి చెయ్యి తగలకపోతెనే మంచిది.

మామ: అవి తప్ప. బావికాడ తప్పు చేస్తె నవ్వుకుంటం. జన్నారం అవతల గదే తప్పు చేస్తె నవ్వెటందుకు ఉండకపోవచ్చు.

కోడలు: ఒక్క షరతు. అడవికి అనుమతి కోసం నువ్వు గూడ మాతోని ఫారెస్టు ఆఫీసుకు రావాలె. గూడెంల పటేలుతోని నువ్వే మాట్లాడాలె.

మామ: వస్త. మాట్లాడేది మాత్రం నువ్వే. నేను పక్కకు నిలవడ్త.

ఇద్దరూ టెంటు విప్పారు. కడ్డీలు ఏ రంధ్రంలో దూరాలో తెలియక గచ్చు మీద అర్ధగంట తంటాలు పడ్డారు. ఒకసారి నిలబడింది, మేకు లేక మళ్లీ కూలింది. గచ్చులో మేకు దిగదన్న సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టింది. మామ మోకాళ్లు పట్టుకొని లేచి మెల్లగా మెట్టు మీదికి చేరాడు. కోడలు ఫోను తీసింది.

కోడలు: ముందు కుర్చీల ఆర్డరు రద్దు చేస్తున్న మామా. నువ్వు చెప్పిందే నిజం, కాపురానికి పోతలేం.

మామ: ఆగాగు. ఒక్కటి ఉంచు.

కోడలు: ఎందుకు?

మామ: శనివారం బావికాడికి నేను గూడ వస్తున్న కదా. గీ మోకాళ్లు ఇప్పుడు నేల మీద కూసోనిస్తలేవు.